స్పీడ్ బ్రేకర్ దగ్గర ‘టక్’ మంటోందా? పాత కారు బుష్‌ల సంగతి తెలుసుకోండి

ఇంట్లో పాత కారు ఉన్నవాళ్లకి ఈ శబ్దం బాగా పరిచయం. మారేడ్‌పల్లి గల్లీలో స్పీడ్ బ్రేకర్ మీద కారు మెల్లగా ఎక్కించి దించగానే ముందు చక్రం దగ్గర ‘టక్’ మంటుంది. మొదట్లో పట్టించుకోం. నెల తర్వాత చిన్న గుంతకి కూడా మొదలవుతుంది. ఆ తర్వాత పాటల సౌండ్ కాస్త పెంచుకుని తిరగడం అలవాటైపోతుంది.

మేమూ అదే చేశాం. మాది ఏపీ 10 నంబర్ ఉన్న కారు. ఒక గ్యారేజీలో చూపిస్తే “షాక్ అబ్జార్బర్లు పోయాయి” అన్నారు. ముందు రెండూ మార్పించాం. డబ్బు పోయింది, శబ్దం మాత్రం పోలేదు. పండగ తర్వాత అమ్మీని తీసుకుని ఖాజీపేటలో ఖాలా ఇంటికి బయల్దేరాం. జనగామ దగ్గర ముందున్న లారీ ఒక్కసారిగా ఆగితే నేను గట్టిగా బ్రేక్ వేశాను. కారు నిలువుగా ఆగకుండా ఎడమవైపు లాగేసింది. అల్లా దయవల్ల పక్కన ఎవరూ లేరు. వెనక సీట్లో అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు.

తిరిగొచ్చాక ఒక పెద్ద ఉస్తాద్ కారు కింద పొడవాటి రాడ్డు పెట్టి కదిపి చూపించాడు. చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప ఆర్మ్ దాని చోట్లో ముందుకీ వెనక్కీ ఊగుతోంది. మధ్యలో ఉండాల్సిన రబ్బరు చిరిగిపోయి ఉంది. ఆ రబ్బరు ముక్క పేరే బుష్. షాక్ అబ్జార్బర్ల జతకి పెట్టిన దాంట్లో చిన్న భాగంతో పని అయిపోయేది. కథ అక్కడితో కూడా ముగియలేదు. మార్పించిన ఆరు నెలలకే మళ్లీ ‘టక్’ మొదలైంది. ఎందుకో కింద చెబుతాను, ఎందుకంటే చాలా గ్యారేజీల్లో జరిగే తప్పు అదే.

బుష్ అంటే ఏమిటి?

కారు బాడీకీ చక్రానికీ మధ్య కొన్ని ఇనుప ఆర్మ్‌లు ఉంటాయి. ముందు చక్రాలకి కింద ఉండేదాన్ని లోయర్ ఆర్మ్ అంటారు. దాని ఒక చివర బాల్ జాయింట్‌తో చక్రం వైపు ఉంటుంది. రెండో చివర బోల్టులతో బాడీకి బిగించి ఉంటుంది. చక్రం గుంతలో దిగినప్పుడల్లా ఈ ఆర్మ్ తలుపులా పైకీ కిందికీ ఆడుతుంది. తలుపుకి కీలు ఎలాగో ఆర్మ్‌కి బుష్ అలాగ.

బుష్‌లో మూడు భాగాలు ఉంటాయి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న ఇనుప గొట్టం, రెండింటి మధ్య వాటికి అతుక్కుని ఉన్న రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్ రంధ్రంలో గట్టిగా దిగి ఉంటుంది. లోపలి గొట్టంలోంచి బోల్టు వెళ్లి దాన్ని బాడీకి కదలకుండా నొక్కి పడుతుంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఆర్మ్ ఆడినప్పుడు బోల్టు చుట్టూ ఏదీ జారుతూ తిరగదు. మధ్యలో ఉన్న రబ్బరే మెలి తిరుగుతుంది, మళ్లీ తన చోటికి వస్తుంది. అందుకే దీనికి నూనె, గ్రీజు అక్కర్లేదు. రోడ్డు అదురు బాడీలోకి రాకుండా ఆపేది కూడా ఈ రబ్బరే.

లోయర్ ఆర్మ్ ఒక్కచోటే కాదు, బుష్‌లు ఇంకా చాలాచోట్ల ఉంటాయి. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్‌ని బాడీకి పట్టి ఉంచే బుష్‌లు, దాని లింక్ రాడ్‌లు, వెనక యాక్సిల్ బుష్‌లు, ముందు షాక్ అబ్జార్బర్ పైన బానెట్ కింద ఉండే రబ్బరు మౌంట్ అన్నీ ఈ కుటుంబానివే. 1983లో వచ్చి 2014 దాకా తయారైన మారుతి 800లో అయితే స్టెబిలైజర్ బార్‌కి రెండు పనులు. కారు పక్కకి ఒరగకుండా చూడటంతోపాటు లోయర్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది కూడా అదే. అలాంటి బండిలో ఆ బుష్‌లు పోతే శబ్దంతో ఆగదు, చక్రమే చోటు తప్పుతుంది.

ఎందుకు పాడవుతాయి?

మొదటి కారణం వయసు. కారు ఎక్కువ తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. ఎండ వేడికి, గాలిలోని ఓజోన్‌కి గట్టిపడి సన్నని పగుళ్లు వస్తాయి. సికింద్రాబాద్ నంబరైన ఏపీ 10 ఉన్న బండ్లన్నీ 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడి టీఎస్ నంబర్లు రావడానికి ముందువే. అంటే వాటిలో అన్నిటికన్నా కొత్తది కూడా పదేళ్లు దాటింది. ఒక్కసారి కూడా బుష్‌లు మార్చకపోతే మీ బండి రబ్బరు వయసు కూడా అంతే.

రెండో కారణం రోడ్లు. వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట గుంత ఎంత లోతో తెలియదు. చక్రం ఠక్కున దిగిన దెబ్బ ముందుగా పడేది బుష్ మీదే. మూడోది నూనె. ఇంజిన్ నుంచో స్టీరింగ్ నుంచో లీకైన ఆయిల్ రబ్బరు మీద కారుతూ ఉంటే అది ఉబ్బి మెత్తబడి ముద్దలా ఊడిపోతుంది. అప్పుడు లీక్ ఆపకుండా బుష్ ఒక్కటే మారిస్తే కొత్తదానికీ అదే గతి.

ఎలా గుర్తుపట్టాలి?

నడిపేటప్పుడు ఈ సంగతులు గమనించండి.

మెల్లగా వెళ్తూ స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, లేదా రివర్స్ నుంచి ముందుకి కదిలేటప్పుడు ఒక్క ‘టక్’ వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

బ్రేక్ వేస్తే కారు ఒక పక్కకి లాగుతోందా? దీనికి బ్రేక్ సమస్య కూడా కారణం కావచ్చు, టైరు గాలి తేడా కూడా కావచ్చు. కానీ ఒకవైపు బుష్ చిరిగితే బ్రేక్ వేసినప్పుడు ఆ వైపు చక్రం కొంచెం వెనక్కి జరుగుతుంది. రెండు చక్రాల దిశ ఒకటి కాకుండా పోయి స్టీరింగ్ లాగుతుంది. మాకు జనగామ దగ్గర జరిగింది ఇదే.

వీల్ అలైన్‌మెంట్ చేయించిన కొన్ని వారాలకే మళ్లీ తప్పుతోందా? టైరు లోపలి అంచో బయటి అంచో ఒక్కటే నున్నగా అరిగిందా? కదిలే బుష్ ఉన్నంతవరకు ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నిలవదు. ఆ డబ్బు వృథా.

హైవే మీద స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా కారు అటూ ఇటూ తేలుతున్నట్టు అనిపిస్తే అదీ ఒక గుర్తే.

ఇలాంటి శబ్దాలే ఇంకొన్ని ఉన్నాయి. కలగలపకండి. ఒక పక్క చక్రం మాత్రమే చిన్న చిన్న గుంతల మీద వెళ్తే ‘కటకట’ మంటే ఎక్కువగా లింక్ రాడ్. నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ దగ్గర ‘కర్ర్’ మంటే పై మౌంట్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే ‘టిక్ టిక్ టిక్’ మని వరసగా వస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. కారు ముందు భాగాన్ని చేత్తో నొక్కి వదిలితే ఒక్క ఊపుతో ఆగకుండా మూడు నాలుగు సార్లు ఊగితే అప్పుడు షాక్ అబ్జార్బర్.

గ్యారేజీలో ‘చూపించండి’ అని అడగండి

“అన్నీ పోయాయి, సెట్ మొత్తం మార్చాలి” అని ఎవరైనా చెబితే కోపం తెచ్చుకోనక్కర్లేదు. మర్యాదగా ఒకే మాట అడగండి: “ఉస్తాద్, ఏది పోయిందో కొంచెం చూపిస్తారా?” పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

కారు ఎత్తి స్టాండ్ల మీద పెట్టాక చక్రాన్ని గడియారం అనుకోండి. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే కదలిక ఉంటే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ చూడాలి. 9, 3 దగ్గర పట్టుకుంటే కదలిక ఉంటే టై రాడ్ ఎండ్. ఆర్మ్‌కీ బాడీకీ మధ్య రాడ్డు పెట్టి మెల్లగా కదిపితే బుష్ తెలిసిపోతుంది. మంచి బుష్ కొంచెం సాగి వెంటనే తిరిగి వస్తుంది. పోయిన బుష్‌లో లోపలి గొట్టం పక్కకి జరిగి కనిపిస్తుంది, చిరుగు తెరుచుకుంటుంది, లేదా ఇనుముకి ఇనుము తగిలి చప్పుడవుతుంది.

ఒక జాగ్రత్త. పైన కనిపించే సన్నని పగుళ్లన్నీ బుష్ పోయిందని చెప్పవు. పాత రబ్బరు మీద గీతల్లాంటి పగుళ్లు మామూలే. రబ్బరు ఇనుము నుంచి విడిపోయిందా, చిరుగు లోతుగా ఉందా అన్నదే చూడాలి. కొన్ని కంపెనీల బుష్‌లలో కావాలనే ఖాళీలు వదులుతారు. వాటిని చూసి కూడా చిరిగిందని అనుకోవద్దు.

బుష్ ఒక్కటా, ఆర్మ్ మొత్తమా?

రెండు దారులూ సరైనవే, పరిస్థితిని బట్టి ఉంటుంది. ఆర్మ్ వంకర లేకుండా, తుప్పు తినకుండా, బాల్ జాయింట్ బిగువుగా ఉంటే బుష్‌లు మాత్రమే మారిస్తే చాలు. ఖర్చు తక్కువ. బాల్ జాయింట్ కూడా వదులైతే, అది ఆర్మ్‌తో కలిసే వచ్చే రకమైతే, కొత్త ఆర్మ్ అసెంబ్లీ వేయడమే నయం. బుష్‌లు, బాల్ జాయింట్ అన్నీ బిగించే వస్తాయి. ప్రెస్ పని ఉండదు, తప్పు జరిగే అవకాశమూ తగ్గుతుంది. కొన్ని మోడళ్లకి కంపెనీ ఆర్మ్ మొత్తంగానే అమ్ముతుంది, విడి బుష్ బయట మార్కెట్లోనే దొరుకుతుంది.

ఒకవైపు పోతే రెండోవైపుది కూడా మార్చండి. రెండూ ఒకే రోజు పుట్టినవి, ఒకే రోడ్ల మీద తిరిగినవి. ఒకవైపు కొత్తది గట్టిగా, రెండోవైపు పాతది మెత్తగా ఉంటే కారు పక్కకి లాగడం మళ్లీ మొదలవుతుంది.

మారేడ్‌పల్లి వాళ్లకి సామాను కోసం రాణిగంజ్ దగ్గరే. కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఒకే పేరుతో వచ్చిన కారుకి ఏళ్లను బట్టి బుష్ సైజు మారుతుంది. తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబర్ తీసుకెళ్లండి. వీలైతే పాత ముక్క కూడా తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చండి. కొత్త రబ్బరు గోరుతో నొక్కితే కొంచెం లొంగాలి. ఎన్నో ఏళ్లు షాపులో పడి ఉన్న రబ్బరు కూడా ముసలిదే, వాడకపోయినా సరే. గొట్టాల మీద తుప్పు, రబ్బరు అంచుల్లో పెచ్చులు, తప్పుల స్పెల్లింగ్‌తో ప్యాకెట్ ఉంటే వదిలేయండి. బిల్లు తీసుకోండి.

పాలియురేథేన్ బుష్‌లు వేయమని కొందరు సలహా ఇస్తారు. అవి ఎక్కువ కాలం వస్తాయి నిజమే. కానీ గట్టిగా ఉంటాయి కాబట్టి రోడ్డు అదురు లోపలికి ఎక్కువ వస్తుంది. వాటికి సరైన గ్రీజు వేయకపోతే కీచుమంటాయి. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లు, చిన్నపిల్లలు కూర్చునే ఇంటి కారుకి మామూలు రబ్బరే హాయి.

పని ఎలా జరగాలి?

చక్రం తీసి, బాల్ జాయింట్ విడదీసి, బాడీ వైపు బోల్టులు విప్పితే ఆర్మ్ చేతికొస్తుంది. పాత బుష్ ఊడదీసే ముందు అది ఏ దిక్కున కూర్చుందో గుర్తు పెట్టుకోవాలి. ఖాళీలున్న బుష్‌కి, బాణం గుర్తున్న బుష్‌కి దిక్కు ముఖ్యం. తిప్పి వేస్తే చక్రం కదలిక మారిపోతుంది.

బుష్‌ని హైడ్రాలిక్ ప్రెస్‌తో తీయాలి, ప్రెస్‌తోనే ఎక్కించాలి. మీ మెకానిక్ దగ్గర ప్రెస్ లేకపోతే ఆర్మ్‌ని లేత్ షాపుకి పంపుతాడు, అది మామూలే. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బయటి గొట్టం వంకరపోతుంది, ఆర్మ్ రంధ్రం పాడవుతుంది. ప్రెస్ చేసేటప్పుడు కూడా బలం బయటి గొట్టం మీదే పడాలి. లోపలి గొట్టాన్ని నొక్కితే రబ్బరు మొదటి రోజే చిరుగుతుంది. సులువుగా దిగడానికి ఇంజిన్ ఆయిల్, గ్రీజు రాయకూడదు. సబ్బు నీళ్లు చాలు, అవి ఆరిపోతాయి.

గాల్లో బిగించకండి

ఇప్పుడు మా కారుకి ఆరు నెలలకే ఎందుకు పోయిందో చెబుతాను. ఆర్మ్ తిరిగి ఎక్కించేటప్పుడు కారు జాకీ మీద ఉంది. చక్రం కిందికి వేలాడుతోంది, దాంతోపాటు ఆర్మ్ కూడా కిందికి వాలి ఉంది. ఆ స్థితిలోనే బోల్టు పూర్తిగా బిగించేశారు.

బుష్‌లో రబ్బరు మెలి తిరుగుతుందని పైన చెప్పుకున్నాం కదా. బోల్టు బిగించిన క్షణంలో లోపలి గొట్టం కదలకుండా ఆగిపోతుంది. ఆ సమయంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో ఇక అదే రబ్బరుకి విశ్రాంతి స్థితి. ఆర్మ్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు కిందికి దిగి నేల మీద నిలబడగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలి పడుతుంది. కారు ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా 24 గంటలూ ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది. దాని మీద గుంత దెబ్బ పడితే ఇంకా మెలిక. ఏళ్లు రావాల్సిన బుష్ నెలల్లో చిరుగుతుంది. సామాను ఒరిజినల్ అయినా ఇదే జరుగుతుంది. మనం మాత్రం “డూప్లికేట్ ఇచ్చాడు” అని షాపువాణ్ణి తిట్టుకుంటాం.

సరైన పద్ధతి చాలా సులువు. జాకీ మీద ఉన్నప్పుడు బుష్ బోల్టులు చేత్తో బిగువు వచ్చేదాకా మాత్రమే తిప్పాలి. చక్రం వేసి కారు దించాలి. ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, కారు తన మామూలు ఎత్తుకి వచ్చాక అప్పుడు పూర్తిగా బిగించాలి. చక్రాలు నేల మీద ఉండగా కిందికి చేరాలంటే గుంత ఉన్న గ్యారేజీ గానీ, చక్రాలు పలక మీద నిలిచే అలైన్‌మెంట్ ర్యాంప్ గానీ కావాలి. అవి లేకపోతే, కారు బాడీని స్టాండ్ల మీదే ఉంచి చక్రం వైపు ఆర్మ్ చివర కింద ఇంకో జాకీ పెట్టి, నేల మీద ఉండే ఎత్తు దాకా పైకి లేపి బిగించవచ్చు. కంపెనీ చెప్పిన బిగువు ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, అది టార్క్ రెంచ్‌తో చూడాలి. లాక్ నట్లు తీసినవే మళ్లీ వేయకుండా కొత్తవి వేయడం మంచిది.

రెండోసారి మార్పించినప్పుడు ఇలాగే చేయించాం. పదిహేను నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే.

మార్చిన తర్వాత

వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఆర్మ్ విప్పి బిగించాక చక్రం దిశ కొంచెమైనా మారుతుంది. అలైన్‌మెంట్ ముందు టైర్లలో గాలి సరిచూసుకోండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టుల బిగువు ఒకసారి చూపించండి. తీసేసిన పాత బుష్‌లు అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఏం మారిందో, అది నిజంగా పోయిందో లేదో చేతిలో కనిపిస్తుంది.

రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడుతున్న బండికి ఇది ఇంకా ముఖ్యం. సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత బండి పరీక్షకి నిలబడితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. పరీక్షకి ముందు హడావుడిగా రంగు వేయించే బదులు ముందు కింద భాగం చూపించండి.

ఇంట్లోనే చేసుకోవచ్చా?

స్టెబిలైజర్ బార్ బుష్‌లు, లింక్ రాడ్‌ల లాంటివి చేతి పని వచ్చినవాళ్లు ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. లోయర్ ఆర్మ్ పనికి ప్రెస్ కావాలి, అది గ్యారేజీకే వదిలేయండి. షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. నొక్కి పెట్టిన స్ప్రింగ్ జారితే ప్రాణం పోయేంత దెబ్బ తగులుతుంది.

ఏ పనికైనా సరే, జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి. జాకీ కారు ఎత్తడానికి మాత్రమే. కింద దూరే ముందు గట్టి నేల మీద స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, రాళ్లు పనికిరావు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు.

గ్యారేజీకి వెళ్లేటప్పుడు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. పోయినదేదో ముందు చూపించండి. రెండువైపులా మార్చండి. కారు దించాకే బోల్టు బిగించండి. పాత సామాను ఇవ్వండి. ఉస్తాద్‌కి మీరు పని నేర్పినట్టు కాకుండా “మా బండికి ఇదివరకు గాల్లో బిగిస్తే తొందరగా పోయింది, ఈసారి దించాక బిగిద్దామా?” అంటే ఎవరూ బాధపడరు.

మొన్న మళ్లీ ఖాజీపేట వెళ్లొచ్చాం. దారిలో రెండు మూడుచోట్ల బ్రేక్ గట్టిగానే వేయాల్సి వచ్చింది. కారు తిన్నగా ఆగింది. అమ్మీ వెనక సీట్లో నిద్రపోతోంది, లేవలేదు.